చచ్చిపోయిన ఇంగ్లీషు మాట, పెద్ద మామా మనసు

ఆ మాట మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు నేను ఒమాన్‌లోని ఖబూరా ఊళ్ళో, వంటింటి గట్టు దగ్గర నిలబడి చేపకు పొలుసు తీస్తున్నాను. మా టీచరమ్మ చేతిలో కాగితాలు పట్టుకుని, తలుపు దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ దగ్గర నుంచి తలుపు దాకా నడుస్తూ ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడుతోంది. వినేవాళ్ళం నేనూ, ఆ చేపా.

టీచరమ్మ అంటే నేను పనిచేసే ఇంటి కూతురు. కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. అది చాలదన్నట్టు ఇంకా పెద్ద చదువు చదువుతోంది. ఆ చదువు కోసం ఒక పాత ఇంగ్లీషు మాట పుట్టుక, పెరుగుదల, చావు అన్నీ వెతికి రాసింది. పరీక్ష పెట్టే పెద్దవాళ్ళ ముందు నిలబడి దాన్ని నోటితో చెప్పాలట. ఆమె భర్తకు ఎడారిలో చమురు క్యాంపులో పని. రెండు వారాలు అక్కడ డ్యూటీ, రెండు వారాలు ఇంట్లో. ఇంట్లో ఉన్నప్పుడు ఆయనకు వినిపించబోతే నిద్రపోతున్నాడని నన్ను పట్టుకుంది.

"ఖాలా, నీకు అర్థమైతే వాళ్ళకూ అర్థమవుతుంది" అనేది. ఖాలా అంటే పిన్ని. ఆ ఇంట్లో నన్ను అలాగే పిలిచేవాళ్ళు.

మేం మాట్లాడుకునేది అరబ్బీ, హిందీ, కాస్త ఇంగ్లీషు, మిగతాది చేతులు కలిపిన భాష. అది నా చెవిలో పడేసరికి మా కడప మాటే అయిపోతుంది. కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఆ మాట లిస్ట్. సామాన్ల లిస్టు కాదు, దానికీ దీనికీ చుట్టరికమే లేదని మొదటే చెప్పింది. ఇది కోరికకు పాతకాలపు పేరు. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు "నేను కోరుతున్నాను" అనేవాళ్ళు కారట. నిద్ర వచ్చినట్టు, దాహం వేసినట్టు, కోరిక కూడా మనిషికి బయటి నుంచి వచ్చేదట. "నాకు తాగాలని లిస్ట్ అయింది" అన్నట్టుగా ఉండేదట వాళ్ళ మాట.

"ఇందులో వింతేముంది?" అన్నాను. "మేమూ అంతే కదా. తినబుద్ధి అయితాది, పోబుద్ధి అయితాది. మనం బుద్ధిని పిలిస్తే వచ్చేదా అది?"

టీచరమ్మ నడక ఆపి నవ్వింది. "అయితే మీ ఊళ్ళో వెయ్యేళ్ళ నాటి ఇంగ్లీషు మాట్లాడతారన్నమాట."

"మా ఊళ్ళో తెలుగే సరిగ్గా మాట్లాడరు" అన్నాను.

తర్వాత సంగతి కూడా చెప్పింది. కాలం గడిచేకొద్దీ మనుషులు కోరికను చుట్టంలా చూడటం మానేసి, "నేనే కోరుతున్నాను" అని సొంతం చేసుకున్నారు. ఆ మాట కొన్ని వందల ఏళ్ళు అలా కూడా బతికింది. ఆ తర్వాత మూలన పడింది. లేమి అని అర్థం ఉన్న ఇంకో మాట వచ్చి దాని పీట మీద కూర్చుంది. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ళు "కావాలి" అంటానికి వాడే వాంట్ అన్న మాట ఒకప్పుడు "లేదు" అని చెప్పేదట. లేనిది కావాలనిపిస్తుంది కదా, అలా మారిందట. పాత మాటకు ఒక్క పిల్ల మాత్రం మిగిలింది. అది లిస్ట్‌లెస్. అంటే ఏ కోరికా లేనిది.

"తల్లి పోయి బిడ్డ మిగిలినట్టు" అన్నాను.

"అవును. కోరిక ఉండటానికి పెట్టిన పేరు పోయింది. కోరిక లేకపోవడానికి పెట్టిన పేరు బతికింది."

ఆమె గొంతు అక్కడ మారింది. ఎందుకో నాకు తెలుసు. ఆ వారమే పెద్ద మామాను చూసిన డాక్టరు తన కాగితం మీద ఆ పిల్ల మాటే రాసిచ్చాడు.

పెద్ద మామా అంటే టీచరమ్మ తల్లి. గల్ఫ్ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళం యజమానురాలిని మామా అంటాం. మొదట్లో ఊరికి ఫోన్ చేసి "ఉండండి, మామా కాళ్ళు పిసికొస్తా" అంటే అవతల మా ఆడబిడ్డలు పడీపడీ నవ్వేవాళ్ళు. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళు, పళ్ళు తప్ప అన్నీ గట్టివే, నోరు మరీ గట్టిది. నాకు అక్షరాలు వచ్చింది ఆమె వల్లే. పెద్ద వయసు ఆడవాళ్ళకు సాయంత్రం పూట చదువు చెప్పే తరగతి ఒకటి ఖబూరాలో ఉంటే ఆమె చేరింది. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేను వెళ్ళేదాన్ని. గోడకు ఆనుకుని నిలబడి ఉంటే పంతులమ్మ నన్నూ కూర్చోమంది. అలా నా బతుకులో మొదట వచ్చిన అక్షరం అలిఫ్. తెలుగు అక్షరాలు ఆ తర్వాత పక్కింట్లో పనిచేసే గోదావరి పిల్ల నేర్పింది. మొదటి రోజు "అమ్మ" అని రాసి చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వింది. నేను కుడి నుంచి ఎడమకు రాశాను.

తరగతిలో పెద్ద మామా నా పలక చూసి రాసేది. పంతులమ్మ పట్టుకుంటే, "అది నా పనిమనిషి. దాని పని నా పనే" అని దబాయించేది. అంత హుషారైన మనిషి భర్త పోయాక మారిపోయింది. ఇద్దత్ అని, భర్త పోయిన ఆడది కొన్ని నెలలు గడప దాటకుండా ఉండే గడువు ఉంటుంది. ఆ గడువులో మౌనంగా ఉండటం మామూలేనని అనుకున్నాం. గడువు అయిపోయింది. మౌనం పోలేదు. పళ్ళెం ముందు పెడితే రెండు మెతుకులు కెలికి పక్కకు జరిపేది. తరగతికి పోదామంటే కళ్ళు మూసుకునేది. ఇష్టమని ఎండు నిమ్మకాయ వేసి చేపల పులుసు పెడితే, దాన్ని చూసి కూడా ముఖంలో ఏ మార్పూ లేదు. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు.

అప్పుడే కొడుకు ఆ మాట ఎత్తాడు. కొడుకు మస్కట్‌లో, మత్రా సూక్ అనే పాత బజారులో సాంబ్రాణి, అత్తర్లు అమ్మే కొట్టు నడుపుతాడు. ఇల్లు సముద్రం రోడ్డు వెనకే. నెమ్మదస్తుడు, తల్లి ముందు గొంతు పెంచడు. ఒకరోజు వచ్చి ఆమె మంచం పక్కన చాప మీద కూర్చుని, "అమ్మా, నాతో వచ్చెయ్. ఆసుపత్రి దగ్గర. పిల్లలుంటారు. ఇక్కడ ఏ మూల చూసినా నాన్నే కనబడుతున్నాడు కదా" అన్నాడు.

పెద్ద మామా గోడ వైపు చూస్తూ, "కేఫ్‌కుమ్" అంది. అంటే, మీ ఇష్టం.

"నీకు రావాలని ఉందా, లేదా?"

"కేఫ్‌కుమ్."

ఆలోచించుకుని చెప్పమని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఇంట్లో అదొక్కటే మాట. పెద్ద మామా వెళ్తుందా, ఉంటుందా? వెళ్ళమంటే మనసు చంపుకుని వెళ్ళి అక్కడ ఇంకా కుంగిపోతుందేమోనని టీచరమ్మకు భయం. ఉంచితే ఇలాగే చిక్కిపోతుందని కొడుకుకు భయం. ఆమె నోరు విప్పితే తేలిపోతుంది. ఆమె విప్పదు.

నాకు మాత్రం అనుమానం లేదు. "మీ ఇష్టం" అనే మాట నాకు కొత్తదా? మా అత్త నోట నేను విన్నంతగా ఎవరూ విని ఉండరు. చేలో బోరు వేస్తున్న రోజు మా ఆయన ఎక్కడ వేద్దామని అడిగితే, "మీ ఇష్టం నాయనా" అంది. వేశారు. నీళ్ళు పడలేదు. "నేను అప్పుడే చెప్పినా" అంది. ఏం చెప్పింది? మీ ఇష్టం అని చెప్పింది. మా పక్క పెద్దవాళ్ళు మీ ఇష్టం అన్నారంటే వద్దని అర్థం, చేస్తే మీ ఖర్మ అని అర్థం. ఆ మాట విన్నాక కూడా ఆ పని చేసేవాడు మగాడైతే మొండివాడు, ఆడదైతే పుట్టింటికి పోవడానికి సిద్ధపడ్డది.

అదే టీచరమ్మకు చెప్పాను. "మీ అమ్మకు పోను ఇష్టం లేదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు."

"నాకూ అలాగే అనిపించింది ఖాలా" అంది వెంటనే. ఆమెకు కావాల్సిన మాటే నా నోటి నుంచి వచ్చిందని అప్పుడు నాకు తట్టలేదు. తండ్రి నాటిన ఖర్జూరం చెట్లు, తల్లి పెంచిన మేకలు, తను పుట్టిన గది. అన్నీ వదిలి తల్లి వెళ్తుందంటే ఆమె ఊహకే అందదు. హాల్లో నిలబడి అన్నకు ఫోన్ చేసింది. "అమ్మకు ఇష్టం లేదు. ఇంకోసారి అడగొద్దు. ఆమె ఇల్లు ఇదే" అంది. పెద్ద మామా గదికీ హాలుకూ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమే.

పోరు తీరింది, ఇక తింటుంది అనుకున్నాను. ఆ మధ్యాహ్నం పళ్ళెం వెనక్కి వచ్చింది. సాయంత్రం కాఫీ కూడా వెనక్కి వచ్చింది. ఒమాన్‌లో ముసలివాళ్ళు అన్నం మానేస్తే ఇంట్లోవాళ్ళు దిగులుపడతారు, కాఫీ మానేస్తే చుట్టాలకు కబురు పెడతారు. మర్నాడూ అంతే. గదిలోకి ఎవరు వచ్చినా కళ్ళు చిట్లించి చూసింది. మాలో ఎవరో ఆమె సొత్తు దొంగిలించినట్టు ఉంది ఆ చూపు.

పక్కింటి గోదావరి పిల్లకు, నాకు మధ్య ఒక పిట్టగోడ. ఆమె బట్టలు ఆరేస్తుంటే నేను ఇటువైపు చీపురు పట్టుకుని నిలబడి అంతా చెప్పుకున్నాను. నలభై ఏళ్ళున్నా నాకు పిల్లే, నాకంటే చిన్నది కాబట్టి.

"ఏం చేసేది మే? పోవద్దులే అన్నాక గూడా తినకపాయె."

"నీకెవరు చెప్పారక్కా ఆవిడకి వెళ్ళడం ఇష్టం లేదని?"

"ఆమే చెప్పె. మీ ఇష్టం అనె."

"అంటే?"

"అంటే ఏంది? వద్దని."

దుప్పటి తీగ మీద వేయబోతున్నది ఆగి నా వైపు తిరిగింది. "బాబోయ్, మీ కడపోళ్ళకి మీ ఇష్టం అంటే తగువా? మా వైపు ఎవరింటికైనా భోజనానికి వెళ్ళామనుకో. బూరె ఇంకోటి వెయ్యమంటారా అని అడుగుతారు. ఏమంటాం?"

"ఏమంటారు? కావాలంటే వెయ్యమంటారు, లేకుంటే వద్దంటారు."

"అలా అనేస్తే పరువుంటుందా? 'మీ ఇష్టమండీ' అంటాం. అంటే వెయ్యమని. అది విని కూడా వెయ్యకుండా వెళ్ళిపోయేవాళ్ళని ఏడు తరాలు గుర్తు పెట్టుకుంటాం."

నేను చీపురు గోడకు ఆనించాను.

"మొహమాటం అక్కా. ఆవిడ పెద్దావిడ, పైగా మొగుడు పోయినావిడ. నాకిది కావాలి అని ఎలా అంటుంది? నువ్వు అడక్కు. అడిగితే మళ్ళీ అదే మాట అంటుంది. వడ్డించేసి చూడు."

"ఏం వడ్డించేది?"

"ప్రయాణం" అంది, దుప్పటి దులుపుతూ. "అది కూడా నేనే చెప్పాలా? మీవాళ్ళు బోర్లు ఎందుకు ఎండగొట్టుకుంటారో ఇప్పుడు తెలిసింది."

ఆ మాటకు నాకు కాలింది. అయినా లోపలికి వెళ్ళాను. పెద్ద మామా మంచం మీద పడుకుని ఉంది. నేను ఏమీ అడగలేదు. బీరువా మీద నుంచి పెట్టె దించి, దుమ్ము తుడిచి, నేల మీద తెరిచి పెట్టాను. ఆమె బట్టలు తీసి ఒక్కొక్కటే మడతపెట్టి అందులో సర్దడం మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. రెండు గౌన్లు పెట్టాను. ఊలు శాలువా పెట్టాను.

"అదెందుకు?"

గొంతు ఎక్కడి నుంచో వచ్చినట్టు ఉంది. తలెత్తి చూశాను. కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

"చలికి" అన్నాను.

"మత్రాలో చలేందే? సముద్రం పక్కన ఊలు పెడితే చెమ్మకు కుక్క కంపు కొడతాది. తీయ్ దాన్ని."

తీశాను. నల్ల తలగుడ్డ తీసి మడతపెట్టబోయాను.

"ఆ పచ్చంచుది పెట్టు. పైన పెట్టు, నలగకుండ."

నేను పెట్టె వదిలేసి ఆమె మంచం పట్టె మీద కూర్చున్నాను. కళ్ళు తెరిచింది. ఈ మధ్యకాలంలో నేను చూడని తడి ఉంది వాటిలో.

అప్పుడు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆయన మత్రా రేవులో పడవలకు సరుకెత్తే పని చేసేవాడట. మేడమీద ఒకే గది. చెక్క జాలీ కిటికీ. తెల్లారి కిటికీ తీస్తే ఓడలు, కింద గుడ్డల కొట్ల వాళ్ళ కేకలు. గుజరాత్‌లోని కచ్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి భార్య ఆమెకు కుట్టుపని నేర్పింది, తన భాషలో బేరమాడటం నేర్పింది. "ఆ వీధిలో నన్ను చూస్తే కొట్టోళ్ళు ముందే ధర తగ్గించి చెప్పేటోళ్ళు" అంది. మామగారు పోతే చెట్లు చూసుకోవడానికి ఖబూరా వచ్చారు. కొన్నాళ్ళేనని ఆయన అన్నాడు. పిల్లలు పుట్టారు, చెట్లు కాశాయి, ఆ కొన్నాళ్ళలో ఆమె ముసలిదయింది.

"మరి కొడుకు పిలిస్తే పోతానని చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పేది? మొగుని సమాధి మట్టి ఇంకా ఆరలేదు, ముసల్ది పట్నానికి ఎగబడతాంది అని ఊరంతా అనుకోవాల్నా? నా బిడ్డ ఏమనుకుంటాది? వాళ్ళే తీసకపోతే అది వేరే. దేవుడు రాసినాడు, పోయింది అంటారు. అట్లే జరిగేటట్టుండె. ఎవడో నోట్లో మన్ను పోసినాడు."

"నేనే" అన్నాను. "నీకు పోను ఇష్టం లేదని నేనే చెప్పినా."

మోచేతి మీద పైకి లేచింది. "నువ్వా!" అంది. "నీ పలక చూసి రాసినా. నీ బుర్ర చూసి రాయలేదు, బతికిపోయినా." తర్వాత నవ్వింది. పళ్ళు లేని నవ్వు, భుజాలు ఎగరేస్తూ. ఆ నవ్వు విని మేకలు కూడా అరిచాయి.

టీచరమ్మకు చెప్పడం కష్టమైంది. హాల్లో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను పట్టుకుని అంతా వింది. చివరికి, "నేను కాలేజీ మారకుండా ఇక్కడే ఉన్నది అమ్మ కోసం ఖాలా" అంది. "ఈ ఇల్లే ఆమె ప్రాణమనుకున్నాను."

"ఇల్లంటే ప్రాణమే" అన్నాను. "అది వేరే, పోబుద్ధి కావడం వేరే. నాకూ మా ఊరంటే ప్రాణమే. ఇక్కడ లేనా?"

ఆమె పెన్ను మూత పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. "నన్నొదిలి వెళ్ళాలనిపించిందంటావా?"

"నిన్నొదిలి కాదు తల్లీ. ఆ కిటికీ దగ్గరికి."

కళ్ళు తుడుచుకుని తల్లి గదిలోకి వెళ్ళింది. పరదా వెనక ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చాక ఆమె అన్న మాట మాత్రం గుర్తుంది. "లిస్ట్‌లెస్ అని రాసిన ఆ డాక్టరును పట్టుకుని నా థీసిస్ మొత్తం చదివించాలి."

శుక్రవారం నమాజు అయ్యాక కొడుకు వచ్చాడు. పెద్ద పళ్ళెంలో అన్నం, చేప, చుట్టూ అందరం. టీచరమ్మ భర్త కూడా ఆ వారం ఇంట్లోనే ఉన్నాడు. కొడుకు ముద్ద నోట్లో పెట్టుకోకుండా తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నీకు ఇష్టం లేదని చెల్లి మొన్న చెప్పింది. ఇష్టమేనని ఇప్పుడు చెబుతోంది. నాకు నీ నోటి నుంచి వినాలని ఉంది. మనసు లేనిదాన్ని కారెక్కించి పాపం కట్టుకోలేను."

అందరం చేతులు ఆపేశాం. పెద్ద మామా చేప ముల్లు తీస్తోంది. చెప్పు, ఒక్క మాట చెప్పు అని లోపల నేను తెలుగులో వేడుకుంటున్నాను.

"కేఫ్‌కుమ్" అంది.

కొడుకు తల దించుకున్నాడు. "సరే. అయితే ఇక్కడే ఉండు. ఇక ఈ మాట ఎత్తను."

టీచరమ్మ నోరు తెరవబోయింది. పెద్ద మామా ఆమె వైపు చూడలేదు. ముల్లు పళ్ళెం అంచున పెట్టి, నా వైపు తిరిగి, "నా మందుల సంచి డిక్కీలో పెట్టొద్దు" అంది. "ఎండకు కరిగిపోతాయి. ముందు సీట్లో నా కాళ్ళ దగ్గర పెట్టు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు అల్లుడు నవ్వాడు. తర్వాత కొడుకు మోకాలి మీద చెయ్యేసుకుని, ముఖం దాచుకుని, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఊగిపోయాడు. టీచరమ్మ తల్లి భుజం మీద నుదురు ఆనించింది. పెద్ద మామా మాత్రం ఏమీ జరగనట్టు, "ఇందులో నిమ్మకాయ ఎవరు తక్కువేసినారు?" అని నన్ను అడిగి, జవాబు కోసం ఆగకుండా అన్నం కలుపుకుంది. పళ్ళెంలో తన వైపున్నది మొత్తం తింది.

కారెక్కేటప్పుడు నన్ను చూపించి, "ఇదీ వస్తాది" అంది. నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోవడమే బాగుంది.

టీచరమ్మ పరీక్ష నెగ్గింది. ఇప్పుడు చాలా శుక్రవారాలు మత్రాకే వస్తుంది. నేను ఈ ఇంట్లో, సముద్రం గాలికి కాగితం ఎగరకుండా మోచేయి ఆనించి ఇది రాస్తున్నాను. ఆ ఒంటిగది మేడ ఇప్పుడు లేదు. దాని చోట మొబైల్ ఫోన్ల కొట్టు ఉంది. పెద్ద మామా దాని ముందు కాసేపు నిలబడి, "కిటికీ మాత్రం అక్కడే ఉండాల్సింది" అని గాలిలో వేలితో చూపించి, ముందుకు నడిచింది. బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమెకు తీరిక లేదు. పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ కావాలి. కాఫీ కిటికీ దగ్గరే కావాలి. హల్వా వేడిగా ఉన్నప్పుడే తేవాలి, చల్లారితే తెచ్చినవాడి మొహాన కొడుతుంది. సూక్‌లోకి వెళ్ళాలి, గుడ్డల కొట్టు గుజరాతీ ముసలాయనతో ఆయన భాషలో పోట్లాడాలి. ఆయనా ఆమె వస్తుందని ముందే ధర పెంచి కూర్చుంటాడు, తగ్గించడానికి చోటుండాలని. మోకాళ్ళ నొప్పి ఆమెదే, నడవలేక కూలబడేది నేను.

మొన్న శుక్రవారం కిటికీలోంచి చూస్తూ పడవ ఎక్కాలంది. కొడుకు వద్దన్నాడు. డాక్టరు ఏమంటాడో అన్నాడు. టీచరమ్మ నా వైపు చూసింది, నేను టీచరమ్మ వైపు చూశాను. సాయంత్రం రేవులో, మనుషులను తిప్పి తెచ్చే చిన్న పడవ ఒకటి మాట్లాడుకున్నాం. పడవతను పెద్ద మామాను రెండు చేతులా పట్టి పడవలోకి దించాడు. నేను కడప మనిషిని. మా ఏట్లో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. పడవ కదిలిన కాసేపటికే నా కడుపులో తిప్పింది. అంచు పట్టుకుని తల కిందికి వేలాడదీశాను. టీచరమ్మ నా వీపు రాస్తూ నవ్వు ఆపుకుంటోంది.

పెద్ద మామా ముందు కూర్చుంది. పచ్చంచు తలగుడ్డ గాలికి చెవుల వెనక కొట్టుకుంటోంది. కొండ మీద కోట చిన్నదవుతోంది. వెనక రోడ్డు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ముందు, దూరంగా లంగరేసిన ఓడ ఒకటి కనబడుతోంది. పడవతను ఇక చాలా అన్నట్టు పడవ తిప్పబోయాడు.

"తిప్పొద్దు" అంది పెద్ద మామా, అటే చూస్తూ. "ఇంకా లోపలికి పోనీ. నాకు ఆ ఓడ పేరు చదవాల్నని ఉండాది."